బ్యానరు కంటే ముందు ఆసుపత్రిలో ఏ గదికి వెళ్లాలో తెలుసుకోండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. మా వీధిలో పదో తరగతి అబ్బాయి ఒకడు రెండు నెలలుగా బడికి వెళ్లడం లేదు. పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, బడి టైము దాటాక బాగానే ఉంటాడు. వాళ్ల నాన్న సూరత్‌లో మిల్లు పనికి వెళ్లాడు. నాయనమ్మేమో గుంటడికి గాలి సోకిందంటుంది, మాస్టార్లు మొండి అంటారు. వాణ్ని చూశాకే మా తెలుగు మహిళా సంఘం పిల్లల మానసిక ఆరోగ్యం మీద ఏదో ఒకటి చేయాలనుకుంది. ఒక క్లబ్బు వాళ్లు, ఒక ప్రైవేటు స్కూలు, ఒక ప్రైవేటు ఆసుపత్రి మాతో కలుస్తామన్నారు. అక్టోబరు 10న ర్యాలీ, విశాఖ నుంచి వచ్చే డాక్టరు గారి ఉపన్యాసం, పిల్లలందరికీ ఉచిత పరీక్షల శిబిరం అనుకున్నాం. ఖర్చంతా ఆసుపత్రి పెట్టుకుంటుందట. పరీక్ష చేసిన పిల్లల పేర్లు, ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు మాత్రం తమకివ్వాలట. ఇంతమంది కలిసి చేయడం మంచిదేనా? ఎవరిని కలుపుకోవాలి? సభ ఏ భాషలో పెట్టాలి? ర్యాలీ అయిపోయాక ఏం మిగులుతుందా అని నాకే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ అబ్బాయి సంగతి చూద్దాం. మీ సభ అక్టోబరులో. వాడికి ఈ వారమే సాయం కావాలి.

బడి టైముకి వచ్చి, ఆ టైము దాటాక తగ్గే నొప్పిని నటన అనుకోకండి. భయం, బెంగ పిల్లల్లో చాలాసార్లు ఒంటి నొప్పిగానే బయటపడతాయి. కడుపులో తిప్పడం, తలనొప్పి, గుండె దడ, రాత్రి నిద్ర పట్టకపోవడం ఇలాగే మొదలవుతాయి. నొప్పి నిజమే, దాని వేరు మాత్రం వేరే చోట ఉంటుంది. ముందు పిల్లల డాక్టరుకు చూపించి కడుపులో జబ్బేమీ లేదని తేల్చుకోమనండి. ఆ తర్వాత జిల్లా ప్రధాన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లమనండి. ప్రభుత్వం 1996లో మొదలుపెట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఇలాంటి అవసరాల కోసమే ఉంది.

ఈలోగా వాళ్లమ్మ వాడితో ఒంటరిగా కూర్చుని అడగాలి. ‘ఎందుకు వెళ్లవురా’ అని గద్దించకుండా, బడిలో రోజు ఎలా గడుస్తుందో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చెప్పించుకోవాలి. ఎవరైనా కొడుతున్నారా, మాట తీరును వెక్కిరిస్తున్నారా, ఏ మాస్టారి క్లాసంటే భయం, బోర్డు పరీక్ష భయమా, ఇంటి అప్పుల మాటలేమైనా చెవిన పడ్డాయా. వాడు ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాటలంటే, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగానే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దలు జంకుతారు. అలా జరగదు. అడిగిన మనిషి దగ్గర పిల్లలకు గుండె బరువు దిగుతుంది. అవునని చెబితే మాత్రం వాణ్ని ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఒకవేళ ఎవరో లైంగికంగా వేధించిన సంగతి బయటపడితే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివాళ్లూ పోలీసులకు చెప్పి తీరాలి. పరువు పేరుతో దాచడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేసినా దారి చూపిస్తారు.

బడికి దూరమైన కొద్దీ తిరిగి వెళ్లడం కష్టమవుతుంది. రేపటి నుంచే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చోవాలంటే వాడివల్ల కాదు. హెడ్మాస్టరు గారితో మాట్లాడి మొదట రోజుకు రెండు పీరియడ్లు, తర్వాత ఒక పూట, అలా పెంచుకుంటూ పోవచ్చు. సూరత్ నుంచి నాన్న ఫోన్ చేసినప్పుడు ‘బడికెళ్లావా’ అన్నది మొదటి ప్రశ్న కాకుండా చూడమనండి. నాయనమ్మ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, ఆవిడతో గొడవ పెట్టుకుంటే ఇంట్లో వాడికి ఉన్న ఒక తోడు దూరమవుతుంది. సాయంత్రం దిష్టి తీసి పొద్దున్నే ఆసుపత్రికి వెళ్లవచ్చు. వాతలు పెట్టడం, పస్తులుంచడం, కొట్టడం లాంటివి ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ఇక మీ సంఘం పని. సంస్థలు కలవడం మంచిదే. ఒక మహిళా సంఘం ఒంటరిగా వెళ్లి అడిగితే తెరుచుకోని తలుపు, బడి, ఆసుపత్రి తోడుంటే తెరుచుకుంటుంది. కానీ ఇలాంటి పొత్తులన్నీ సభ రోజు దగ్గరే ఆగిపోతాయి. మీరు సభ మర్నాటి పొద్దుట నుంచి వెనక్కి ఆలోచించుకుంటూ రండి. డాక్టరు గారు బాగా మాట్లాడారు, అందరూ చప్పట్లు కొట్టారు, ఇళ్లకు వెళ్లారు. మర్నాడు ఒక తల్లి మీ గుమ్మంలోకి వచ్చి ‘మా పిల్ల కూడా అలాగే ఉందమ్మా, ఏం చేయాలి’ అంటుంది. ఆవిణ్ని ఏ రోజు, ఏ గదికి, ఎవరి దగ్గరికి పంపిస్తారు? తోడెవరు వెళ్తారు? బస్సు డబ్బులెవరిస్తారు? వీటికి జవాబులు లేకుండా అవగాహన పెంచడం ఆ కుటుంబానికి కీడే చేస్తుంది. ఎంతో కష్టం మీద ఒకసారి నోరు విప్పి, ఎక్కడా ఆసరా దొరకని పిల్ల మళ్లీ నోరు విప్పదు.

అందుకే మీ మొదటి భాగస్వామి జిల్లా ప్రధాన ఆసుపత్రి కావాలి. మీ జాబితాలో దాని పేరే లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. మానసిక వైద్యులు ఏ రోజుల్లో కూర్చుంటారు, పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్ ఎవరు, మందులు అక్కడే ఇస్తారా, ఇవన్నీ అడిగి రాసుకోండి. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకు ప్రత్యేక క్లినిక్కులు పెట్టారు. మానసిక ఆరోగ్యం కూడా అందులో భాగమే. పిల్లవాడు పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాడన్న మాట పడుతుందని భయపడే ఇళ్లకు ఆ గుమ్మం తొక్కడం తేలిక. పెద్ద వైద్యం కావాలంటే బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. మీ వైపు కుటుంబాలు ఎలాగూ పాతపట్నం దాటి శ్రీకాకుళం, విశాఖ వెళ్తుంటాయి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఒడిశా ఆరోగ్య కార్డు ఆంధ్రలో ఎక్కడ చెల్లుతుందో ముందే కనుక్కుని పెట్టుకోండి. లేకపోతే ఆ తల్లి కౌంటరు దగ్గర నిలబడి వెనక్కి తిరగాల్సి వస్తుంది.

రెండో భాగస్వామి బడి. ప్రైవేటు స్కూలు ఒక్కదానితో ఆగకండి. మీరు రాసిన అబ్బాయి లాంటి వాళ్లు ఎక్కువగా సర్కారు బడుల్లో ఉంటారు. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన బడి ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లకు, వీలైతే ఒక మాస్టారికి, ఒక మేడమ్‌కి, ఆరోగ్య రాయబారులుగా శిక్షణ ఇవ్వాలి. వాళ్లు క్లాసుల్లో చెప్పాల్సిన 11 అంశాల్లో మనసు ఆరోగ్యం ఒకటి. హెడ్మాస్టరు గారిని ‘ఆ ఇద్దరూ ఎవరండీ’ అని అడగండి. చాలాచోట్ల పేర్లు కాగితం మీద ఉంటాయి, పని మాత్రం ఆగి ఉంటుంది. వాళ్లను మీ పొత్తులోకి తెచ్చుకుంటే కొత్తగా ఎవరినీ పుట్టించనక్కర్లేదు.

ప్రైవేటు స్కూలు వాళ్లకు ఇంకో సంగతి గుర్తుచేయండి. విశాఖలో కోచింగ్‌కు వచ్చిన ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో పెట్టుకోవాలి. అంతకంటే చిన్న బడులు బయటి నిపుణులతో సంబంధం ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో కనబడేలా రాయాలి. మీ ర్యాలీకి పిల్లల్ని పంపడానికి ముందుకొచ్చిన స్కూలు వీటిలో ఏం చేసిందో మర్యాదగానే అడగండి. జవాబును బట్టి ఆ స్కూలు మీకు ఎంతవరకు తోడవుతుందో తేలిపోతుంది.

మూడో భాగస్వామి మీరే. డాక్టరు ఇవ్వలేనిది, బడి ఇవ్వలేనిది మీ దగ్గర ఒకటుంది. మీ ఊళ్లో పిల్లవాడికి ఒడియా బాగా వస్తుంది, తల్లికి అంతంతమాత్రం. కౌన్సెలర్ ఒడియాలో అడుగుతాడు, తల్లి తెలుగులో తడబడుతుంది, మధ్యలో ఆ పిల్లవాడే తన బాధను తనే అమ్మకు మాట మార్చి చెప్పాల్సి వస్తుంది. అది జరగకూడదు. ‘చచ్చిపోవాలనుంది’ అన్న మాటను ఏ బిడ్డా అమ్మకు అనువాదం చేసి చెప్పడు. తమ్ముణ్నో, క్లాస్‌మేట్‌నో కూర్చోబెట్టడం కూడా తప్పే. మీ సంఘంలో రెండు భాషలూ బాగా వచ్చి, నోరు అదుపులో ఉండే నలుగురు ఆడవాళ్లను ఎంచుకోండి. ఆసుపత్రి వాళ్లతో మాట్లాడి వాళ్లకు రెండు మూడు పూటలు శిక్షణ ఇప్పించండి. విన్నది విన్నట్టే చెప్పాలి, సొంత సలహా కలపకూడదు, విన్నది గది దాటకూడదు. ఏ కుటుంబానికైనా వాళ్ల వీధి మనిషి కాకుండా వేరే వీధి మనిషి తోడు వెళ్లేలా చూడండి. మీ పొత్తులో ఇంతకంటే విలువైన పని ఇంకొకటి నాకు కనబడడం లేదు.

సభ ఏ భాషలోనన్న ప్రశ్నకూ ఇందులోనే జవాబుంది. తల్లులతో తెలుగులో, టీచర్లతో ఒడియాలో, విడివిడిగా పెట్టండి. కొండ ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే సవర పిల్లల్ని మరిచిపోకండి, వాళ్లకు మన రెండు భాషలూ పరాయివే. గిడుగు రామమూర్తి గారు మీ పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పడానికి పుస్తకాలు రాశారు. ఆ ఊరివాళ్లుగా మీరు ఒక సవర టీచరునో, ఆశా కార్యకర్తనో మీతో కూర్చోబెట్టుకోవడం న్యాయం.

ప్రైవేటు ఆసుపత్రి అడిగిన పేర్ల జాబితా విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది. ఇవ్వకండి. ఒక్క పేరు కూడా. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఇరవై ప్రశ్నల కాగితం నింపిస్తే జబ్బు తేలదు. ఆ కాగితం లోతుగా మాట్లాడాల్సిన పిల్లలెవరో సూచిస్తుంది, అంతే. ఆ మాట్లాడడానికి మనిషి లేనప్పుడు మిగిలేది ముద్ర. ఫలానా వాళ్లమ్మాయికి ఏదో తేడా ఉందట అన్న మాట మీ ఊళ్లో సంబంధాల దాకా వెంటాడుతుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సకు వచ్చినవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది, అనుమతి లేకుండా వాళ్ల ఫొటోలు, వివరాలు మీడియాకు ఇవ్వకూడదంటుంది. ఇంకా చికిత్స దాకా రాని పిల్లల పేర్లు వ్యాపారం చేసేవాళ్ల చేతిలో పెట్టడం ఆ చట్టం ఉద్దేశానికే విరుద్ధం. శిబిరం మానేయండి. ఆసుపత్రి వాళ్లు నిజంగా సాయం చేయదలిస్తే డబ్బు ఇవ్వమనండి. ఆ డబ్బు బరంపురానికో విశాఖకో వెళ్లే కుటుంబాల బస్సు ఛార్జీలకు, ఆ రోజు వాళ్లు పోగొట్టుకునే కూలికి, పోస్టర్లకు ఖర్చు పెట్టండి. పోస్టరు అడుగున వాళ్ల పేరు వేసుకోనివ్వండి, అందులో తప్పేం లేదు. ఈ షరతుకు ఒప్పుకోకపోతే వాళ్లు లేకుండానే మీ పని సాగుతుంది.

అక్టోబరు 10 గురించి. ప్రపంచ మానసిక ఆరోగ్య దినం 1992 నుంచి ఆ రోజే జరుపుతున్నారు కాబట్టి మీరు ఎంచుకోవడం సహజం. కానీ మీ దగ్గర అది తరచు పూజ సెలవుల్లోనో, వాటి పక్కనో పడుతుంది. తుపానుల కాలం కూడా. 2018లో తిత్లీ తీరం దాటింది అక్టోబరు 11 తెల్లవారుజామునే. మీ గజపతి కొండల్లో చరియలు విరిగి ఊళ్లకు ఊళ్లు ఏడ్చిన రోజులవి. అప్పుడు చిన్న క్లాసుల్లో ఉన్న పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. గట్టిగా గాలివాన వస్తే ముడుచుకుపోయేవాళ్లు, రాత్రి దీపం ఆర్పనివ్వనివాళ్లు వాళ్లలో ఉంటే ఎవరైనా అడిగారా? టీచర్లతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి తప్పకుండా ఎత్తండి. తుపాను తర్వాత బియ్యం, టార్పాలిన్లు పంచాం, భయం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో మీ జిల్లాకు ఇది పెద్ద బాకీ.

కాబట్టి అక్టోబరు 10న చిన్నగా ఒక సమావేశం పెట్టుకోండి, ఎండలో ర్యాలీ వద్దు. ప్లకార్డు పట్టుకుని నడిచిన పిల్లకు ఆ రోజు కాళ్లనొప్పి తప్ప ఏం తెలుస్తుంది? అసలు పని మిగతా నెలల్లో చేయండి. క్లాసుకో రోజు చొప్పున, నలభై మందికి మించకుండా పిల్లలతో మాట్లాడించండి. డిసెంబరు, జనవరి నెలల్లో పదో తరగతి తల్లిదండ్రులను కలవండి, ఎందుకంటే మెట్రిక్ పరీక్షలు ఫిబ్రవరి, మార్చి రోజుల్లో ఉంటాయి. ఫలితాలు వచ్చే వారం మీ నలుగురు ఆడవాళ్లూ ఫోన్లు దగ్గర పెట్టుకుని ఉండాలి. తప్పిన పిల్లల ఇంటికి ఆ సాయంత్రమే ఎవరో ఒకరు మామూలు చుట్టపుచూపుగా వెళ్లి రావాలి.

విశాఖ డాక్టరు గారిని పిలవండి, కానీ రోగాల పేర్లతో మొదలుపెట్టవద్దని ముందే చెప్పండి. నిద్ర, తిండి, ఆట, బడి. ఈ నాలుగింటిలో ఏదైనా రెండు వారాలకు మించి మారిపోతే, మాట తగ్గిపోయి గదిలోనే కూర్చుంటే, మళ్లీ పక్క తడపడం మొదలైతే, ఊరికే కోపం వస్తుంటే చూపించండి అని చెబితే ప్రతి తల్లికీ అర్థమవుతుంది. ఆత్మహత్యల కథలు, ఎలా చనిపోయారో వివరాలు, చనిపోయిన పిల్లల ఫొటోలు స్లైడ్ల మీద వద్దు. అవి విన్న పిల్లల్లో కొందరికి ప్రమాదం. బాధ నుంచి తేరుకున్న పిల్లవాణ్ని స్టేజీ ఎక్కించి మాట్లాడించే ఆలోచన ఎవరికైనా వస్తే ఆపండి. వాడు ఆ ఊళ్లోనే పెరగాలి.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభై మంది క్లాసులో దాదాపు ముగ్గురు. ఆ ముగ్గురు ఎవరో టీచరుకు తెలియకపోవచ్చు, వెనక బెంచీలో గొడవ చేసేవాడో, నోరే మెదపని మొదటి ర్యాంకు పిల్లో కావచ్చు. 2021లో యునిసెఫ్ 21 దేశాల్లో యువతను అడిగితే, మానసిక సమస్యకు ఇతరుల సాయం తీసుకోవడం మంచిదని అన్నవాళ్లు మన దేశంలో 41 శాతమే. అన్ని దేశాలూ కలిపి సగటు 83. అంటే మీ సభలో కూర్చున్న పిల్లల్లో సగానికి పైగా ‘ఎవరికైనా చెప్పడం దండగ’ అనుకుంటూ వింటారు. మీరు మార్చాల్సింది ఆ నమ్మకాన్ని. అది ఉపన్యాసంతో మారదు, చెప్పుకున్న ఒక పిల్లకు మేలు జరగడం పక్క పిల్ల చూసినప్పుడు మారుతుంది.

క్లబ్బు వాళ్లను, మిషన్ శక్తి స్వయం సహాయక బృందాలను, ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలను తప్పకుండా కలుపుకోండి, కానీ సాయం చేసేవాళ్లుగా. నిర్ణయాలు మీరు, బడి, జిల్లా ఆసుపత్రి ముగ్గురూ చేయండి. తెలుగు, ఒడియా రెండింటిలోనూ ఒకే ఒక్క కాగితం రాసుకుని సంతకాలు పెట్టుకోండి. ఎవరు ఏం చేయాలి, పిల్ల పేరు ఎవరికి తెలియవచ్చు, ఎవరికి తెలియకూడదు, ఫొటోలు ఎవరివి తీయవచ్చు, మూడు నెలలకోసారి ఎక్కడ కూర్చోవాలి. అంతే ఉండాలి అందులో. కూర్చున్నప్పుడు ఎంతమంది సభకు వచ్చారన్న లెక్క పక్కన పెట్టి, ఆసుపత్రికి వెళ్లినవాళ్లలో ఎంతమంది రెండోసారి కూడా వెళ్లారో, వెళ్లనివాళ్లు ఎందుకు మానేశారో మాట్లాడుకోండి.

పోస్టరు మీద రెండు నంబర్లు చాలు. 1098 ఒకటి, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ 14416 రెండోది. టెలీ మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, తెలుగు, ఒడియాలతో సహా 20 భాషల్లో మాట్లాడతారు. అచ్చుకు ఇచ్చే ముందు మీ ఊరి ఫోన్ నుంచి ఒకసారి పగలు, ఒకసారి రాత్రి మీరే చేసి చూడండి. మొదట ఏ భాష వినిపించింది, తెలుగు కావాలంటే ఏం నొక్కాలి, ఎంతసేపటికి మనిషి మాట్లాడారు అన్నది రాసుకుని, ఆ వివరం నంబరు కిందే తెలుగులో అచ్చు వేయించండి.